పోతు పలికాడు, రాలేదు: ఎల్క్ కూతల మీద పాఠకుల ప్రశ్నలు

ఆగస్టు వచ్చిందంటే నాకొచ్చే ఉత్తరాలన్నీ ఎల్క్ మీదే. ఎల్క్ అంటే ఇక్కడి కొండల్లో తిరిగే పెద్ద జింక జాతి. సెప్టెంబర్లో అది ఎదకొచ్చి కూస్తుంటే, ఆ కూతల్ని అనుకరించి విల్లుకి అందేంత దగ్గరికి పిలవడమే మా వేట. ఈసారి వచ్చినవాటిలో ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. కొత్త పాఠకుల కోసం ఒక మాట: నేను కొలరాడో రాష్ట్రం ఫోర్ట్ కాలిన్స్‌లో రోడ్లూ కల్వర్టులూ చూసుకునే సివిల్ ఇంజనీరుని. పుట్టింది పల్నాడు, విల్లు పట్టింది నలభై దాటాక. పద్దెనిమిది సెప్టెంబర్లు కొండెక్కితే చేతికి దక్కినవి అయిదు ఎల్క్‌లు. నా సలహా విలువ ఎంతో ఆ లెక్కలోనే ఉంది. ఇంకోటి, మగ ఎల్క్‌ని ఇక్కడ బుల్ అంటారు. దుప్పిపోతు అన్న అలవాటు కొద్దీ నేను పోతు అంటాను.

ప్రశ్న: అన్నా, పోయిన సెప్టెంబర్లో మొదటిసారి కొలరాడో వచ్చాను. ఒక బుల్ గంటసేపు నా ప్రతి కూతకీ జవాబిచ్చింది కానీ దగ్గరికి రాలేదు. వీడియోల్లో లొకేషన్, ఛాలెంజ్, చకిల్, మ్యూ అని డజను పేర్లు చెబుతున్నారు. నేను ఏ కూత తప్పు కూస్తున్నాను? (ఒక పాఠకుడు, డాలస్)

తమ్ముడూ, నీ కూత బాగానే ఉండి ఉంటుంది. బాగా లేకపోతే గంటసేపు నీతో మాట్లాడడు, రెండోసారికే నోరు మూసుకుంటాడు. అయినా జవాబివ్వడం వేరు, రావడం వేరు. గట్టు మీద నిలబడి పక్క చేనువాణ్ణి "ఓయ్" అంటే వాడూ "ఓయ్" అంటాడు. అంతమాత్రాన పని వదిలేసి నీ దగ్గరికి వస్తాడా?

పేర్ల సంగతి తేల్చేద్దాం. మామూలు బ్యూగిల్, అంటే పోతు కూత, కింది స్థాయిలో మొదలై, మెట్లెక్కినట్టు పైకి పోయి, సన్నటి ఈల దగ్గర కాసేపు నిలబడి, టపీమని పడిపోతుంది. పెళ్ళిలో మేళం మొదలయ్యే ముందు సన్నాయి పీక సరిచూసుకుంటున్నట్టుంటుంది. తీరిగ్గా సాగదీసి, చివర ఏ హడావిడీ లేకుండా ఆపేస్తే అది లొకేషన్ బ్యూగిల్. "నేనిక్కడున్నా, అక్కడెవరు?" అంతే. అదే కూత చివర ఖహ్ ఖహ్ ఖహ్ అని అయిదారు ఎక్కిళ్ళు పడితే చకిల్. ఆడవి దగ్గరున్న పోతో, బాగా వేడెక్కిన పోతో చేసే పని అది. ఛాలెంజ్ అయితే నీ కూత పూర్తికాకుండానే మీద పడి అరుస్తాడు. అందులో రాగం ఉండదు, ఘాట్ రోడ్డులో పాత ఆర్టీసీ బస్సుకి గేరు పడనప్పుడు వచ్చే మోత ఉంటుంది. అది వింటే ఇంక ఆలోచించకు. బాణం నారికి తగిలించి చెట్టు పక్కన నిలబడు.

మ్యూ అనేది ఆడవీ పిల్లలూ ఒకదాన్నొకటి పలకరించుకునే కూత. "ఈయూ" అని పైనుంచి కిందికి జారుతుంది. పిల్లది ఇంకా సన్నగా, పొట్టిగా ఉంటుంది. గుంపు కదులుతున్నంతసేపూ ఈ కబుర్లు నడుస్తూనే ఉంటాయి, వాటితోపాటు కాళ్ళ కీళ్ళు టక్ టక్‌మనే చప్పుడు కూడా. ఇవి కాక వీడియోల్లో సరిగ్గా పట్టుబడనిది ఒకటుంది, గ్లంక్. ఖాళీ బిందెను చెరువులో ముంచినప్పుడు వచ్చే బుడుంగు బుడుంగు శబ్దం. ఎదకొచ్చిన ఆడదాని వెంట తిరుగుతున్న పోతు గొంతులోంచి వస్తుంది. దూరం పోదు కాబట్టి అది నీకు వినపడిందంటే నువ్వు ఆల్రెడీ గుంపు పక్కనే ఉన్నావన్నమాట. అక్కడ నువ్వు కూసే ప్రతి కూతా దండగ.

ఇక నీ బుల్ ఎందుకు రాలేదో చూద్దాం. నా జేబులో ఎప్పుడూ చిన్న నోటుబుక్కు ఉంటుంది. అందులో ఒక సెప్టెంబర్ 19 నాటి పేజీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"6:12, ఇంకా చీకటే. కింద ఆస్పెన్ చెట్లలో పొడుగు కూత ఒకటి. 6:20, నేనొక లొకేషన్ కూశా. 40 సెకన్లకి జవాబు, అదే చోటు. 6:31, మళ్ళీ కూశా. 10 సెకన్లకే జవాబు, చివర ఎక్కిళ్ళు అయిదు. 6:38, నేను అడక్కుండానే అరిచాడు. ఎడమకి జరిగాడు. ఆడవాటి మ్యూలు, మూడు నాలుగు గొంతులు. 6:47, దూరం. 6:55, ఇంకా దూరం, గట్టు అవతల. 7:05, మెడ వెనక చల్లగాలి. మొరుగుడు. అయిపోయింది."

ఆ రోజు ఇది రాసుకుంటున్నప్పుడు నాకు అర్థం కాలేదు. సాయంత్రం టెంటులో హెడ్‌ల్యాంపు వెలుగులో చదువుకుంటే కథ తెలిసింది. 6:31కి జవాబు తొందరగా వచ్చిందని నేను సంబరపడ్డాను. వాడు అప్పటికే నన్ను ఇంకో మగాడిగా లెక్కగట్టి తన ఆడవాటిని పోగుచేస్తున్నాడు. 6:38 నాటి కూత నా కోసం కానే కాదు, "పదండి పదండి" అని గుంపు మీద అరుస్తున్నాడు. అక్కణ్ణుంచి నేను కూసిన కొద్దీ వాడు వాటిని అవతలికి తోలుకుపోయాడు. సంసారం ఉన్నవాడు వీధిలోకొచ్చి కొట్లాడడు, తలుపేసుకుంటాడు.

నీ గంట కూడా ఇలాగే గడిచి ఉంటుంది. రెండో జవాబు మొదటిదానికంటే దూరం నుంచి వచ్చిందంటే ఆ క్షణమే కూత మానెయ్యి. వాడు ఎంత అరిచినా పలక్కు. గాలి నీ మొహానికి తగిలేలా చుట్టూ తిరిగి, వాడి అరుపులనే దారిచూపుడుగా పెట్టుకుని వంద గజాల్లోపలికి చేరు. అక్కడ ఒక్క మ్యూ చాలు, మందలోంచి తప్పిపోయిన ఆడది పిలిచినట్టు. దానికీ రాకపోతే అప్పుడు వాడి మొహం మీదే ఛాలెంజ్ విసురు. అంత దగ్గర ఇంకో పోతు గొంతు వింటే తోలుకుపోయే తీరిక ఉండదు, తేల్చుకోవాల్సిందే. అదే ఒంటరి పోతయితే మొదటి మ్యూలకే రావచ్చు. గుంపు చుట్టూ తచ్చాడే కుర్రపోతులు చాలాసార్లు చప్పుడు లేకుండా వచ్చి నీ వెనక నిలబడి ఉంటాయి, చూసుకో.

పైన 7:05 దగ్గర రాసిన చల్లగాలి నా స్వయంకృతం. కొండల్లో పొద్దున పూట చల్లబడ్డ గాలి కిందికి జారుతుంది. ఎండ వాలు మీద పడి నేల వెచ్చబడ్డాక పైకి తిరుగుతుంది, సాయంత్రం మళ్ళీ కిందికి. పొద్దున్నే నేను పైన, వాడు కింద. నా ఒంటి వాసన వాగులా వాడి ముక్కులోకి దిగింది, గుంపు హెచ్చరికగా మొరిగింది. చెవిని మోసం చేయొచ్చేమో గానీ ఆ ముక్కుని మాత్రం ఎవడూ చేయలేడు. చిన్న సీసాలో టాల్కం పౌడర్ పెట్టుకుని పది నిమిషాలకోసారి చిటికెడు వదిలి చూడు.

ఇద్దరు వెళితే కూసేవాడు విల్లు పట్టినవాడికి 40, 50 గజాలు వెనక ఉండాలి. పోతు 70 గజాల్లో ఆగి, కూత వచ్చిన చోట ఆడది కనపడుతుందా అని చూస్తాడు. కనపడకపోతే కదలడు. ఆ ఆగే చోటు విల్లుకి అందేలా కూర్చోవడమే అసలు పని. ఒంటరిగా వెళితే గుబురు వెనకో, గట్టు మలుపులోనో కూర్చో, తొంగి చూడాలంటే వాడు 30 గజాల్లోకి రాక తప్పని చోట.

ప్రశ్న: కూత విని పెద్ద బుల్లా, చిన్నదా చెప్పొచ్చా? మా గైడు చెప్పేస్తాడు. (ఒక పాఠకుడు, సాల్ట్ లేక్ సిటీ)

మీ గైడుకి నా నమస్కారాలు. నేను చెప్పలేను. బొంగురు గొంతు విని "ముసలోడు, ఏనుగంత ఉంటాడు" అని గంటన్నర పాకుతూ వెళితే, చెట్ల సందులోంచి మెడ చాపింది బక్కచిక్కిన కుర్రపోతు. ఇంకోసారి చిన్నపిల్లాడి ఈలలాంటి కూత విని వదిలేశాను, మధ్యాహ్నం బైనాక్యులర్లో చూస్తే ఆరేసి శాఖల కొమ్ములవాడు బురదగుంటలో పొర్లుతున్నాడు.

ఎల్క్ గొంతు ఒక వింత. మగది 300 కిలోలకు పైనే తూగే జంతువు, ఆ ఒంటికి గొంతు గేదెలా ఉండాలి. కానీ ఈల 4,000 హెర్ట్జ్ దాకా పోతుంది. 2016లో వచ్చిన ఒక పరిశోధన ఏం తేల్చిందంటే, బ్యూగిల్‌లో రెండు శబ్దాలు ఒకేసారి వస్తున్నాయి: లోపల ఒక బొంగురు గర్జన, దాని మీద ఈ సన్నటి ఈల. దగ్గర నిలబడితే రెండూ వినపడతాయి, గర్జన పొట్టలో తగులుతుంది. దూరం నుంచి ఈల ఒక్కటే మిగులుతుంది. అందుకే "గొంతు బొంగురు" అన్నమాటలో సగం వాడు దగ్గరున్నాడనే.

నాకు ఉపయోగపడేది గొంతు కాదు, మిగతావాళ్ళ తీరు. ఒకడు అరవగానే చుట్టుపక్కల కూతలు ఆగిపోయాయంటే ఆ అరిచినవాడు మామూలువాడు కాదు. కొమ్ములతో చిన్న చెట్లని విరగ్గొట్టే చప్పుడు సాగుతూనే ఉంటే కూడా అంతే. ఎలాగూ మా రాష్ట్రంలో చాలా యూనిట్లలో (వేట కోసం విడగొట్టిన ప్రాంతాల్లో) పోతుని కొట్టాలంటే ఒక కొమ్ముకి 4 శాఖలుండాలి, లేదా నుదుటి మీది శాఖ కనీసం 5 అంగుళాలుండాలి. ఆ లెక్క చెవితో తేలదు, కళ్ళతో చూడాలి.

ప్రశ్న: గుంపు దగ్గరికి చేరాక ఒక ఆడ ఎల్క్ నన్ను చూసి కుక్కలా మొరిగింది. అన్నీ పారిపోయాయి. అప్పుడు ఏ కూత కూయాలి? (ఒక పాఠకురాలు, బోయిజీ)

కూత కాదమ్మా, కూర్చుని ఫ్లాస్కులో టీ తాగాలి. ఆ మొరుగుడు "ఏదో ఉంది, బయటికి రా" అన్న హెచ్చరిక. నల్లమలలో పులిని చూసి కణితి (సాంబారు దుప్పి) ఢంకుమని అరుస్తుంది చూడండి, దానికి వరస. వాసన తగిలి మొరిగిందా, ఆ పూటకి ఆ గుంపు లేదనుకోండి. కదలిక మాత్రమే చూసి మొరిగితే, కదలకుండా నిలబడి మెల్లగా ఒకటి రెండు మ్యూలు వేస్తే కొన్నిసార్లు సర్దుకుంటాయి. తిరిగి మొరిగేవాళ్ళు కూడా ఉన్నారు. నేను రెండుసార్లు మొరిగి చూశాను. రెండుసార్లూ నా కుక్కభాష వాటికి నచ్చలేదు.

ప్రశ్న: జత కట్టే జింకను కొట్టినందుకే కదా పాండురాజుకి శాపం తగిలింది? ఎదకాలంలో ఆడదాని గొంతుతో పిలిచి చంపడం మీకు తప్పనిపించదా? మన కణితులు కూడా ఇలాగే కూస్తాయా? (ఒక పాఠకుడు, నల్గొండ)

మా అమ్మ కూడా ఇదే అడిగింది, ఇంతకంటే ఘాటుగా. మీకు డొంకతిరుగుడు జవాబు చెప్పను. సెప్టెంబర్లో వెళ్ళేది అప్పుడే పోతు నోరు విప్పుతాడు కాబట్టి. మిగతా పదకొండు నెలలు విల్లుతో 30 గజాల్లోకి నన్ను రానివ్వడు. అది మోసమే, కాదనను. కోడిని నమ్మించి గింజలేసి పెంచి కోయడం కూడా నాకు మోసంలాగే కనపడుతుంది. ఏది పెద్దదో మీరే తూకం వేసుకోండి. నేను మాంసం కోసం వెళతాను. పోయినసారి దొరికిన పోతుని నాలుగు ఇళ్ళవాళ్ళం ఉగాది దాకా తిన్నాం. తినదగిన మాంసం వదిలేసి వస్తే ఇక్కడ చట్టమే శిక్షిస్తుంది.

1900 ప్రాంతాల్లో ఇదే కొలరాడోలో ఎల్క్‌లు దాదాపు ఖాళీ అయిపోయాయి. లెక్కాపత్రం లేని వేట అది. 1913, 1914ల్లో ఇక్కడి ఎస్టెస్ పార్కు అనే ఊరికి ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు నుంచి తెచ్చి వదలాల్సి వచ్చింది. ఇవాళ రాష్ట్రంలో రెండున్నర లక్షలకు పైనే ఉన్నాయి, అమెరికాలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. లైసెన్సు రుసుములూ, 1937 చట్టం కింద తుపాకుల మీద, తర్వాత విల్లుల మీద కూడా వేసిన పన్నూ ఈ జంతువుల సంరక్షణకే పోతాయి. మన దేశం పరిస్థితి వేరు. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, అలాగే ఉండాలని నేనూ కోరుకుంటాను. ఇక్కడ నేర్చిన విద్య అక్కడికి మోసుకుపోవద్దని మా బావమరిదికి కూడా చెప్పాను.

కణితి ఇలా పాడదు. ఎల్క్‌కి మన దేశంలో అసలైన చుట్టం కావాలంటే కశ్మీరు దాచిగాంలోని హంగుల్ అనే దుప్పి. అదీ శరదృతువులోనే గొంతెత్తుతుంది.

మీరు పాండురాజు అన్నారు గానీ, కొండమీద నాకు గుర్తొచ్చేవాడు దశరథుడు. చీకట్లో బిందె ముంచిన బుడుంగు శబ్దం విని ఏనుగనుకుని బాణం వేశాడు. పైన గ్లంక్ గురించి రాసినప్పుడు ఆ బిందె పోలిక ఊరికే రాలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక పోతుతో నలభై నిమిషాలు కూతలు మార్చుకున్నాను. అద్భుతమైన గొంతు. ఎక్కిళ్ళు, కొమ్మలు రుద్దే చప్పుడు, అన్నీ. నేను దగ్గరికి, వాడూ దగ్గరికి. బాణం తగిలించి విల్లు సగం ఎత్తాక ఫర్ చెట్ల మధ్య గోధుమరంగు కదిలింది. కిందికి చూస్తే బూట్ల లేసులు. అటు ఆయన విల్లు కూడా సగం ఎత్తే ఉంది. ఇద్దరం కాసేపు మాట్లాడలేకపోయాం. తర్వాత ఆయన "మీ మ్యూ చాలా బాగుంది" అన్నాడు. నా మోకాళ్ళు సాయంత్రం దాకా వణికాయి.

సెప్టెంబర్ మధ్యలో కొన్ని రోజులు మందు దట్టించే తుపాకులవాళ్ళ సీజన్ కూడా మా సీజన్‌తో కలిసి నడుస్తుంది. ఆ రోజుల్లో నేను తలకి నారింజరంగు టోపీ లేకుండా కూత కూయను. రూలు ఎలా ఉన్నా సరే, ఇది మా ఇంటి రూలు.

ప్రశ్న: అపార్ట్‌మెంట్లో ఉంటాం. మావారు నోట్లో ఏదో రబ్బరు బిళ్ళ పెట్టుకుని రోజూ కూస్తున్నారు. కింద ఫ్లాటువాళ్ళు రెండుసార్లు ఫిర్యాదు చేశారు. ఇంకెన్నాళ్ళు? (ఒక పాఠకురాలు, అరోరా)

నెలాఖరు దాకా ఓర్చుకోండి తల్లీ. ఆ బిళ్ళని డయాఫ్రమ్ అంటారు, గుర్రపునాడా ఆకారం చట్రం మీద పల్చటి రబ్బరు పొర. అంగిలికి ఆనించి నాలుకతో నొక్కి ఊదాలి. మొదటి వారం వాంతి వస్తుంది, రెండో వారం బాతులా వస్తుంది. మా ఇంట్లో మొదట్లో దాన్ని ప్రెషర్ కుక్కరనుకుని మా ఆవిడ మూడు విజిల్స్ లెక్కపెట్టి స్టౌ కట్టేసింది. అప్పటి నుంచీ నా సాధన అంతా కారులో, ఐ-25 ట్రాఫిక్‌లో. మీవారికీ అదే చెప్పండి, అద్దాలెత్తుకుని. బ్యూగిల్ పక్కన పెట్టి ముందు ఒకే స్వరం మూడు సెకన్లు వణక్కుండా పట్టమనండి, తర్వాత మ్యూ. కడిగి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రబ్బరు ఎక్కువకాలం వస్తుంది. పెరుగు గిన్నె పక్కన మాత్రం వద్దు.

ప్రశ్న: అమ్మానాన్నలు సెప్టెంబర్ చివర వస్తున్నారు. వేట మాకు పడదు, కూత మాత్రం వినాలని ఉంది. ఎక్కడికి తీసుకెళ్ళాలి? (ఒక పాఠకురాలు, డెన్వర్)

రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు. మొరేన్ పార్కు, హార్స్‌షూ పార్కు అనే పచ్చికబయళ్ళు. అక్కడ వేట నిషేధం, కాబట్టి పోతులకు మనుషులంటే లెక్కలేదు. మీరు అడిగిన రోజులే అసలు జోరు, అక్టోబర్ మధ్యకి సద్దుమణుగుతుంది. సాయంత్రం అయిదింటికల్లా చేరండి. ఆ వేళ నుంచి పచ్చికలోకి దిగనివ్వరు, రోడ్డు పక్కనే ఉండి చూడాలి. కూతలు అనుకరించడం పార్కులో నేరం. నాన్నగారు ఉత్సాహపడి ఈల వేయకుండా చూసుకోండి. కారుకి దగ్గరగా నిలబడండి, ఫొటో కోసం ముందుకు పోవద్దు. ఈ రోజుల్లో పోతు మీదికొచ్చాడంటే పరిగెత్తి తప్పించుకోలేరు.

వెలుగు తగ్గుతుండగా ముందు ఆడవి చెట్లలోంచి దిగుతాయి. వాటి వెనక వాడు. కూసేటప్పుడు మెడ చాచి, కొమ్ములు వీపు మీదికి వాల్చేస్తాడు, నోట్లోంచి ఆవిరి కనపడుతుంది. గాలి ఇటు తిరిగితే గొడ్లసావిడి వాసన కూడా వస్తుంది, వాడు తన మూత్రం తానే పూసుకుని తిరుగుతాడు మరి. చీకటి పడ్డాక కూడా పది నిమిషాలు ఇంజను ఆపి, అద్దాలు దింపి కూర్చోండి. అమ్మగారికి స్వెట్టరు చాలదు, మంచి కోటు తీసుకెళ్ళండి.